అవుకు వార్త – అచ్చునుండి అంతర్జాలమునకు

దినపత్రికలపై అంతర్జాల ప్రభావమును చర్చించువారు సాధారణముగా పాఠకుల సంఖ్యను, ప్రకటనల రాబడిని లెక్కింతురు. అవి పత్రికాధిపతుల చింతలు. పరిశోధకునకు అంతకంటె దగ్గరి ప్రశ్న యొకటి కలదు: నేటి వార్త ముప్పదియేండ్ల పిమ్మట దొరకునా? దీనిని మహానగరములను విడిచి, నంద్యాల జిల్లాలోని అవుకు అను మండల కేంద్రము విషయమున పరిశీలింప నెంచితిమి.

1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి, 1914లో మద్రాసున దినపత్రికయైన ఆంధ్రపత్రిక కాలమున ఇట్టి చిన్న యూళ్ల వార్తలకు చోటు స్వల్పము. 1974లో విశాఖపట్టణమున వెలువడిన ఈనాడు తరువాతి కాలమున జిల్లా అనుబంధములు ప్రారంభించుటతో మండల వార్తకు పుటయొకటి యేర్పడెను. విలేకరులు చేతివ్రాత కాగితములను కవరులో నుంచి బస్సున పంపెడివారు. పిదప ఫ్యాక్సు, ఈ-మెయిలు, వాట్సాప్ వచ్చినవి. వేగము పెరిగిన మాట నిజమే. కాని కవరు ఆలస్యమైనను అచ్చయిన వార్త ఒక తేదీతో, ఒక పుటలో స్థిరపడెడిది. అంతర్జాలమున శీర్షిక మారవచ్చును, పాఠము సవరింపబడవచ్చును, వెబ్‌సైటు కూర్పు మార్చినపుడు పాత చిరునామాయే చెల్లకపోవచ్చును.

లిపి చిక్కు వేరు. యూనికోడ్ మొదటి కూర్పున, 1991లోనే, తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినను, పత్రికలు చాలకాలము సొంత ఫాంటులనే వాడినవి. కంటికి తెలుగుగా గనబడు నా పుట యంత్రమునకు ఆంగ్లాక్షరముల కలగాపులగము. అందు వెదకుట యెట్లు?

యూనికోడ్ వచ్చినను చిక్కు తీరలేదు. అవును–ఔను, కవులు–కౌలు వలెనే ఈ గ్రామనామమునకును అవుకు, ఔకు అను రెండు రూపములు వాడుకలో నున్నవి. పత్రికలు రెంటిని వ్రాయుచున్నవి. పుటను త్రిప్పు పాఠకునకు రెండును ఒకటే. అక్షరక్రమమును మాత్రమే పోల్చు యంత్రమునకు అవి రెండూళ్లు. గాలేరు–నగరి కాలువపై అవుకు సొరంగములను గూర్చిన వార్తలను వెదకు విద్యార్థి ఒక రూపముతో తృప్తిపడెనేని కొన్నిటిని కోల్పోవును. ‘వెదకితిమి, లేదు’ అని సిద్ధాంత గ్రంథములలో వ్రాయుట కిప్పుడు తొందర యెక్కువైనది! పైగా 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా యేర్పడువరకు అవుకు కర్నూలు జిల్లాలోనిది. కావున ఆ తేదీకి ముందటి వార్తలను కర్నూలు పుటలలో చూడవలెను.

అంతర్జాలము చేసిన మేలును కాదనలేము. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత పత్రికలను ప్రతిబింబములుగా నందుంచుటచే, నగర గ్రంథాలయములకు పోవలసిన శ్రమ యెందరికో తప్పెను. అవి ప్రతిబింబములగుటచే పదముతో వెదకుటకు వీలులేదు; పుటపుటయు చదువవలసినదే. ఆ చదువులో నిర్దేశింపని వార్తలును కంటబడును, అది వేరొక లాభము.

కావున పత్రికావార్తను ఆకరముగా గొనువారు వెబ్‌సైటు పాఠముకంటె ఈ-పేపరు పుటను ఎన్నుకొని, తేదీని, సంచిక కేంద్రమును, పుటసంఖ్యను వ్రాసి, ఆ పుట ప్రతిని తమయొద్ద భద్రపరుచుట యుక్తము. గ్రామనామమును దాని రూపాంతరము లన్నిటితో వెదకవలెను. వాట్సాప్ బృందములలో మాత్రమే తిరుగు మండల వార్తకు తేదీయు పుటయు లేవు. దానిని ఎట్లు ఉదాహరింపవలెనో మన పరిశోధన పద్ధతి గ్రంథము లింకను నిర్ణయింపవలసి యున్నది.