సమ్మర్‌ క్లాసులతో ముందే పట్టా.. లెక్క వేశారా?

అమెరికాలో ఎంఎస్‌కి సిద్ధమవుతున్నారా? అయితే సీనియర్ల నోట ఈ మాట వినే ఉంటారు. ‘సమ్మర్‌లో ఒక సబ్జెక్టు తీసేసుకో.. సెమిస్టర్‌ ముందే బయటపడతావ్‌!’ అని. ఒకపక్క పెరిగే లోన్‌ వడ్డీ, మరోపక్క నెలనెలా అద్దె. భలే ఉపాయం అనిపిస్తుంది కదా! ఉపాయం మంచిదే. కానీ అందరికీ ఒకేలా పనికిరాదు. రిజిస్టర్‌ చేసుకునే ముందు కాగితం తీసుకుని మీ లెక్క మీరే వేసుకోండి.

ఒక్క సబ్జెక్టు.. ఐదు నెలలు

చాలా ఎంఎస్‌ కోర్సులకు 30 నుంచి 36 క్రెడిట్లు ఉంటాయి. సబ్జెక్టుకు సాధారణంగా 3 క్రెడిట్లు. సెమిస్టర్‌కు మూడు సబ్జెక్టులు తీసుకోవడం మామూలు. మీది 30 క్రెడిట్ల కోర్సు అనుకుందాం. మూడు సెమిస్టర్లకు 27 అవుతాయి. మిగిలిన ఒక్క సబ్జెక్టు కోసం నాలుగో సెమిస్టర్‌ అంతా అక్కడే ఉండాలి. ఆగస్టులో చేరినవాళ్లు దాన్ని మధ్యలో వచ్చే వేసవిలో పూర్తిచేస్తే, మే దాకా ఆగకుండా అంతకుముందు డిసెంబరుకే పట్టా చేతికొస్తుంది. ఫీజులో పెద్ద తేడా లేకపోయినా దాదాపు ఐదు నెలల అద్దె, తిండి ఖర్చు మిగులుతుంది.

36 క్రెడిట్లయితే వేసవిలో మూడు సబ్జెక్టులు చదవాలి. సెమిస్టర్‌ మొత్తం సాగే పాఠాన్ని కొన్ని వారాల్లోనే ముగిస్తారు. పట్టా రావడానికి చాలాచోట్ల 3.0 జీపీఏ ఉండాలి. తొందరపడి గ్రేడు పోగొట్టుకుంటే మొదటికే మోసం.

ఇంటర్న్‌షిప్‌ వదులుకోవద్దు

అసలు చిక్కు ఇక్కడే. అక్కడి కంపెనీలు ఇంటర్న్‌లను ఎక్కువగా తీసుకునేది వేసవిలోనే. ఇంటర్న్‌షిప్‌ చేసినచోటే ఉద్యోగం దొరికే అవకాశమూ ఉంటుంది. క్యాంపస్‌ బయట ఇంటర్న్‌షిప్‌ చేయడానికి కావాల్సిన సీపీటీ అనుమతి సాధారణంగా ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాకే ఇస్తారు. ఆగస్టులో చేరినవాళ్లకు మే నాటికి ఆ అర్హత వస్తుంది. అప్పుడు ఆఫర్‌ చేతిలో ఉంటే అదే ముఖ్యం. దాంతోపాటు ఒక ఆన్‌లైన్‌ సబ్జెక్టు చదవగలిగితే రెండూ దక్కుతాయి.

జనవరిలో చేరినవాళ్ల పరిస్థితి వేరు. మొదటి వేసవికి ఒక్క సెమిస్టరే పూర్తవుతుంది కాబట్టి చాలామందికి సీపీటీ రాదు. ఆ ఖాళీలో క్లాసు తీసుకోవచ్చు. అయితే మరుసటి మే నాటికి కోర్సే అయిపోతే, రెండో వేసవి ఇంటర్న్‌షిప్‌ ఉండదు. నేరుగా ఉద్యోగ వేటే.

ముందే పట్టా.. ముందే గడువు

కోర్సు ముందే ముగిస్తే ఐ-20లోని ముగింపు తేదీ కూడా ముందుకు జరుగుతుంది. ఓపీటీకి దరఖాస్తును ఆ తేదీకి 90 రోజుల ముందు నుంచి, తర్వాత 60 రోజుల లోపు పంపాలి. ఓపీటీ మొదలయ్యే తేదీ కూడా ఆ 60 రోజుల్లోనే ఉండాలి. ఓపీటీ మొదలయ్యాక ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే. అంటే డిసెంబరులో పట్టా తీసుకోవాలనుకుంటే సెప్టెంబరు నుంచే రెజ్యూమె పంపుతూ ఉండాలి. పట్టా వచ్చాక చూద్దాంలే అనుకుంటే కుదరదు.

ఇవి అడిగారా?

* నాకు కావాల్సిన సబ్జెక్టు వేసవిలో ఉంటుందా? కోర్‌ సబ్జెక్టులన్నీ వేసవిలో పెట్టరు.
* నా స్కాలర్‌షిప్‌, అసిస్టెంట్‌షిప్‌ వేసవి ఫీజుకు వర్తిస్తాయా?
* వేసవి బదులు ఒక సెమిస్టర్‌లో నాలుగు సబ్జెక్టులు తీసుకోవచ్చా? 30 క్రెడిట్ల కోర్సయితే అలా కూడా డిసెంబరుకే ముగుస్తుంది.
* చివరి టర్మ్‌ వేసవే అయితే ఎన్ని క్రెడిట్లు ఉండాలి?

మొదటి మూడూ అడ్వైజర్‌ని, చివరిది వీసా వ్యవహారాలు చూసే డీఎస్‌ఓని అడగండి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి సీనియర్‌ మాట విన్నా సరే, డీఎస్‌ఓ నుంచి ఈమెయిల్‌లో జవాబు తీసుకోండి.

మిగిలే అద్దె ఎంతో మీకు తెలుసు. ఇంటర్న్‌షిప్‌ పోతే పోయేదేంటో కూడా పక్కనే రాసి చూడండి. డిసెంబరుకు చేతిలో ఆఫరో, గట్టి ఇంటర్వ్యూలో ఉంటే ముందే బయటపడండి. లేదంటే ఆ ఒక్క సబ్జెక్టును ఆఖరి సెమిస్టర్‌కు ఉంచుకోండి. ఉద్యోగం వెతుక్కోవడానికి ఇంకాస్త సమయం దొరుకుతుంది.