కడుపుతో ఉన్నప్పుడు స్టెరాయిడ్ ఇంజెక్షన్: అమ్మ హార్మోన్లకి ఏమవుతుంది?

నెలలు నిండకుండానే కాన్పు అయ్యేలా ఉంటే డాక్టర్లు అమ్మకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. ఆ మాట వినగానే ఇంట్లోవాళ్ళు "స్టెరాయిడా? వద్దండీ" అని కంగారు పడతారు. ఈరోజు ఆ భయం సంగతి చూద్దాం.

ముందు ఒక క్లారిటీ. జిమ్‌లో కండల కోసం వాడేవి మగ హార్మోన్ లాంటివి. ఇవి వేరు. మన ఒంట్లోనే తయారయ్యే కార్టిసాల్ లాంటివి. డెక్సామెథాసోన్ అయితే 6 మిల్లీగ్రాముల చొప్పున, 12 గంటలకోసారి, మొత్తం 4 డోసులు. ఇది మాయ దాటి వెళ్ళి బిడ్డ ఊపిరితిత్తుల్ని త్వరగా సిద్ధం చేస్తుంది. న్యూజిలాండ్‌లో లిగిన్స్, హోవీ అనే డాక్టర్లు 1972లోనే దీన్ని ప్రచురించారు.

మరి అమ్మ సంగతి? మేడ మీద వాటర్ ట్యాంకు, దానికి ఆటోమేటిక్ మోటారు ఉన్నాయనుకోండి. బయట నుంచి ట్యాంకర్ తెప్పించి నింపేస్తే ఏమవుతుంది? సెన్సర్ "ఫుల్" అంటుంది, మోటారు ఆగిపోతుంది. ఇక్కడా అంతే. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనే సిగ్నల్ తగ్గిస్తుంది. కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ తయారీ తగ్గిస్తాయి. అప్పుడు టెస్ట్ చేస్తే కార్టిసాల్ తక్కువే కనిపిస్తుంది. కానీ దాని పని డెక్సా చేస్తోంది. మోటారు ఆగింది, పాడవలేదు. ఒక్క కోర్సే అయితే మామూలుగా కొన్ని రోజుల్లో మళ్ళీ ఆన్ అవుతుంది.

ఇంకోటి, ఈస్ట్రియాల్ అనే హార్మోన్ కూడా కొన్నాళ్ళు తగ్గుతుంది. దాని ముడిసరుకు ఎక్కువగా బిడ్డ అడ్రినల్ నుంచే వస్తుంది, అదీ కాస్త నెమ్మదిస్తుంది కాబట్టి.

అసలు జాగ్రత్త పడాల్సింది షుగర్ దగ్గర. ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది. అమ్మకి ముందే షుగర్ ఉంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి. తరచూ చెక్ చేస్తారు, ఇన్సులిన్ పెంచాల్సి రావచ్చు. తెల్ల రక్తకణాల కౌంట్ కూడా పెరగొచ్చు. రిపోర్ట్ చూసి మీరే ఇన్ఫెక్షన్ అని తేల్చేయకండి.

ఆస్తమా, లూపస్ లాంటి వాటికి నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవాళ్ళ లెక్క వేరు. వాళ్ళ మోటారు ఎక్కువ కాలం ఆగి ఉంటుంది. సొంతంగా సడన్‌గా మానేస్తే ప్రాణం మీదకి రావచ్చు.

మన దేశంలో 2014 గైడ్‌లైన్స్ ప్రకారం, పెద్దాసుపత్రికి పంపేముందు ఏఎన్ఎం కూడా మొదటి డోసు ఇవ్వచ్చు. ఎందుకంటే ఇక్కడ ప్రతి గంటా విలువైనదే. అమ్మకి ఇది కొన్ని రోజుల ఇబ్బంది, బిడ్డకి ఊపిరి. డౌట్ ఉంటే డాక్టర్‌నే అడగండి, కానీ ఆ పేరు విని వద్దనకండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.