ఇంటికి సైకిలు: ఎవరి కొలతకు కొనవలయును?

గడచిన ఊడ్పుల కాలమున బొబ్బిలికి 7 కిలోమీటర్ల దూరమున నున్న యొక పల్లెకు వరినారు చూచుటకై పోయియుంటిమి. మన సంఘ సభ్యుడగు నొక రైతు ఇంటి యరుగుమీద కూర్చుండి మజ్జిగ పుచ్చుకొనుచుండగా, గోడకు చేరవేసిన నల్లని సైకిలొకటి మా కంటబడినది. 24 అంగుళముల చట్రము. రెండు చక్రములలోను గాలి లేదు. సీటు క్రింద సాలెగూడు. ఆ యింటి యాడపిల్ల ఆ సంవత్సరమే బొబ్బిలిలో ఇంటర్మీడియేటు చదువునకు చేరినది. ఉదయమున పోవు ఆటో నిండిపోయిన దినమునను, ఊడ్పు కూలీలను చేరవేయుటకై ఆ ఆటో వేరొక యూరికి పోయిన దినమునను ఆమెకు కళాశాల లేదు. ఆ నెలలో 9 దినములట్లు పోయినవట. ఇంట సైకిలుండగా ఆటో కొరకు వేచియుండుట యేల యని మేమడిగితిమి.

"పిల్లకి అందదు బాబూ, కాళ్లు తేలిపోతాయి" అని తండ్రి చెప్పెను. తానైన త్రొక్కుచున్నాడా యనగా, మోటారు సైకిలు కొన్న పిమ్మట దానిని ముట్టలేదనెను.

ఆ రైతు డబ్బు లేనివాడు కాడు. పిల్లను చదివింపవలయునను కోరిక లేనివాడును కాడు. సైకిలు కొన్ననాడు తన కాలి పొడవును మాత్రమే చూచుకొనినాడు. అంతే. ఆతనిని మందలించు నధికారము మాకు లేదు. మా యింటిలోను అదే తప్పు జరిగినది. అందు నష్టము 9 దినముల చదువుతో పోలేదు.

మేము కొనినదియు 24 అంగుళములదే. అప్పుడు మా యమ్మాయికి 12 సంవత్సరములు. సీటెక్కిన కాళ్లందవు గనుక, అడ్డకడ్డీ క్రిందుగా ఒక కాలు దూర్చి, ఒడలంతయు ప్రక్కకు వంచి త్రొక్కుచుండెడిది. ఊరి పిల్లలందరును అట్లే నేర్చినారు గదా యని మేము నవ్వి యూరకుంటిమి. బ్రేకు రబ్బర్లు అరిగిపోయి రేకు చక్రమునకు తగులుచున్నదని పది దినముల ముందే మాకు తెలియును. సంతకు పోయినపుడు తెచ్చెదమనుకొని మరచితిమి. ఆషాఢమున మొదటి వాన పడిన సాయంకాలమున ఆ పిల్ల చెరువుగట్టు వాలున దిగుచు బ్రేకు పట్టగా బండి నిలువలేదు. గట్టు రాళ్లమీద పడి ఎడమ మణికట్టు విరిగి, ఆరు వారములు కట్టుతో నుండెను. ఆ రబ్బర్ల వెల, మేము నాడు బజారున త్రాగిన తేనీటి వెలకంటె నెక్కువ యుండదు.

కావున ఈ వ్యాసమున మేము వ్రాయునది అంగడివాని మాట కాదు. పొరపాటు చేసి నేర్చుకొన్నవారి మాట.

మొదట, మన పల్లెలలోని ఈ నల్ల సైకిలు ఎక్కడిదో కొంచెము చెప్పవలయును. రెండు సమాన చక్రములును, వెనుక చక్రమునకు గొలుసును గల నేటి రూపము ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ 1885 లో చేసిన 'రోవరు' బండితో స్థిరపడినది. దానికి గాలి టైరు నిచ్చినవాడు, చదువరులు వినోదింతురు గాక, ఒక పశువైద్యుడు. బెల్ఫాస్టు నగరమున జాన్ బాయిడ్ డన్‌లప్ అను నాతడు తన కుమారుని మూడు చక్రముల బండి రాళ్ల బాటమీద ఎగిరిపడుచుండుట చూచి రబ్బరు గొట్టములో గాలి నింపెను. 1888 లో దానికి పేటెంటు పొందెను. మన దేశమున మద్రాసు వద్ద అంబత్తూరులో టీ.ఐ. సైకిల్సు 1949 లోను, సోనేపతులో అట్లాసు 1951 లోను, లూధియానాలో హీరో 1956 లోను ప్రారంభమైనవి. అందరును చాలకాలము చేసినది ఆ ఇంగ్లీషు నమూనానే: 28 అంగుళముల చక్రములు, ఎత్తయిన చట్రము, కడ్డీ బ్రేకులు, సుమారు 20 కిలోల బరువు. గట్టితనమున దానికి సాటి లేదు. కాని అది పొడగరి మగవాని కొలతకు పుట్టినది. ఇంటిలో తక్కిన వారు దానికి సరిపడవలసినదే కాని, అది వారికి సరిపడలేదు.

ఇప్పుడు కొలతల మాట. అంగడిలో "24 ఇయ్యి" అనిన రెండర్థములు కలవు. నల్ల సైకిలునకు 20, 22, 24 అనునవి సీటు గొట్టము యొక్క ఎత్తు. పిల్లల సైకిళ్లకును రంగు సైకిళ్లకును 20, 24, 26 అనునవి చక్రము యొక్క అడ్డుకొలత. ఈ భేదము తెలియక పట్నమునకు కబురంపి తెప్పించి, పిమ్మట మార్పించుకొనలేక బాధపడిన వారిని మేమెరుగుదుము. అంకెను నమ్మక, త్రొక్కువారినే అంగడికి తీసికొని పోవలయును. అడ్డకడ్డీకి ఇరుప్రక్కల పాదములు నేలకు పూర్తిగా ఆనించి నిలిచినపుడు కడ్డీకిని మనిషికిని నడుమ రెండు వ్రేళ్ల సందైన నుండవలెను. సీటుమీద కూర్చుండి, పెడలు అడుగునకు వచ్చినపుడు దానిపై మడమ నుంచినచో కాలు చక్కగా చాగవలెను. సీటు దించి ఎత్తి సరిచేసుకొనవచ్చును గాని, చట్రమును దింపు ఉపాయము లేదు.

మా సలహా ఇది: ఇంటిలో ఒకే సైకిలుండు పక్షమున, దానిని ఇంటిలోని పొట్టివారిలో నిత్యము పని గలవారి కొలతకు కొనవలయును. పొడవువాడు సీటెత్తి చిన్న సైకిలు త్రొక్కగలడు. పొట్టివారు పెద్ద సైకిలు త్రొక్కలేరు. అడ్డకడ్డీ దిగువకు వంగిన 'లేడీస్ సైకిలు' చీరకును లంగాకును అనుకూలము. వంటింటి సరకులకై పోవు గృహిణి, బడికి పోవు పిల్ల, పొలమునకు పోవు ముసలి తండ్రి, ముగ్గురును ఎక్కగలరు. మగవాడు దానినెక్కిన నగుబాటని తలచువారు కొందరు గలరు. మేము మూడు సంవత్సరములుగా దానిమీదనే నారుమళ్లు చూచి వచ్చుచున్నాము. నవ్విన వారు రెండు వారములలో విసిగి మానినారు. అయితే ఒక దోషము చెప్పక తప్పదు. 45 కిలోల యూరియా బస్తా వెనుక గట్టిన ఆ చట్రము కొంచెము ఊగును. బస్తాలకు మోటారు సైకిలో ఎడ్లబండియో యున్న యింట ఇది బాధ కాదు. లేనిచో అడ్డకడ్డీ గల 20 అంగుళముల చట్రమే మేలు.

కడ్డీ స్త్రీలకు పనికిరాదనుటయు సరికాదు. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990 తరువాత అక్షరాస్యతోద్యమముతో పాటు పల్లె స్త్రీలు వేలకొలది సైకిలు నేర్చిరి. ఆడవారి సైకిళ్లు చాలక మగవారి సైకిళ్లే త్రొక్కిరి. బిడ్డను ముందు కూర్చుండబెట్టుకొనుటకు ఆ కడ్డీ అనుకూలమని కొందరు వానినే మెచ్చిరట. ఎత్తు సరిపోయిన మిగిలినది అలవాటు. బీహారులో 2006 నుండి తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిలు కొరకు ప్రభుత్వము డబ్బిచ్చినది. ఉన్నత పాఠశాల 3 కిలోమీటర్లకంటె దూరముగనున్న గ్రామములలో బడికి చేరు ఆడపిల్లల సంఖ్య ఎక్కువగ పెరిగినదని ఆర్థికశాస్త్రజ్ఞులు లెక్కించి చూపిరి. మన రాష్ట్రమునను 2019 కి పూర్వము 'బడికొస్తా' అను పేర ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్లు పంచిరి. మన పల్లెలలో బొబ్బిలికి 3 కిలోమీటర్లకు మించి యున్నవెన్నియో చదువరులే యెంచుకొందురు గాక.

ఇక భాగములు. కొనువారు మొదట రంగును, తరువాత గేర్లను, పిమ్మట లావు టైర్లను చూచుచున్నారు. మేము చక్రములను చూడుమందుము. చక్రమునెత్తి త్రిప్పి బ్రేకు రబ్బరునకు దగ్గరగా కన్నుంచి చూచిన బెండు కనబడును. తరువాత పుల్లలను ఒక్కొక్కటిగా వ్రేలితో మీటవలెను. ఇది మన బొబ్బిలివారికి చెప్పనక్కరలేదు. గొల్లపల్లిలో పనసదూలమునుండి వీణ తొలుచువారు చెవితోనే సగము పని చేయుదురు. ఒక ప్రక్క పుల్లలన్నియు ఇంచుమించు ఒకే స్వరము పలుకవలెను. వెనుక చక్రమున గొలుసు ప్రక్కవి కొంచెము హెచ్చు స్వరము పలుకును. అది దోషము కాదు, అక్కడ పుల్లలు ఎక్కువ బిగువుగ నుండును. బొంగురుగా పలికినది వదులైనది. దానిని విడిచిన ప్రక్కవి తెగును, పిమ్మట చక్రమే వంగును.

గేర్ల విషయమున మా యభిప్రాయము కొందరికి రుచింపదు. మన చుట్టుపట్ల బాటలు చాలవరకు చదును. రెండు మూడు మిట్టలకై సున్నితమైన గేర్ల యంత్రమును బురదలో త్రిప్పుట దండుగ. సాధారణముగా ముందు 44 పండ్ల చక్రమును, వెనుక 18 పండ్ల ఫ్రీవీలును ఉండును. పెడలు ఒక చుట్టు తిరిగిన బండి 5½ మీటర్లకు కొంచెము తక్కువగ పోవును. ఫ్రీవీలును 20 పండ్లదిగ మార్చిన 5 మీటర్లకు లోపుగ పోవును. వేగము కొంత తగ్గును గాని, ఎదురుగాలిలోను బరువుతోను మోకాళ్లు బాధపడవు. ఇంటిలో ఆడవారును పిల్లలును త్రొక్కు సైకిలునకు ఈ మార్పు మేము తప్పక చేయింతుము.

గొలుసు సాగినదో లేదో పిల్లల స్కేలుతో తెలియును. ఒక మేకునుండి 24 లింకులు లెక్కించిన సరిగా 12 అంగుళములు రావలెను. ఆపైన అంగుళములో ఎనిమిదవ వంతు పెరిగినచో గొలుసు మార్చవలెను. ఆలస్యమైన పండ్ల చక్రములు కూడ అరిగి ఖర్చు మూడింతలగును.

బ్రేకును గూర్చి మా గృహమున జరిగినది చెప్పితిమి. ఇనుప రిమ్ము తడిసినప్పుడు కొత్త రబ్బరు కూడ సగము పట్టు పట్టదు. వానలో వాలు దిగుటకు ముందే బ్రేకును మెల్లగా ఆనించి రిమ్మును తుడిచినట్లు చేసి, తరువాత గట్టిగా పట్టవలెను. లేదా దిగి నడిపించుకొని పోవలెను. పిల్లలకు ఇది నోటితో చెప్పిన చాలదు. తడి నేలమీద వెంటనుండి చేయించవలెను. టైరునకును మడ్‌గార్డునకును నడుమ వ్రేలు దూరునంత యెడముండుటయు ముఖ్యమే. పొలముగట్ల యెఱ్ఱ బంకమన్ను అక్కడ చేరిన చక్రము తిరుగనే తిరుగదు.

ఇంట నుంచుకొనవలసినవి కొన్నియే: గాలి పంపు, వాల్‌ట్యూబు ముక్కలు, సొల్యూషను గొట్టము, పాత ట్యూబునుండి కత్తిరించిన బిళ్లలు, రెండు పానాలు, నూనె. నూనె గొలుసునకును బుష్షులకును మాత్రమే. ఉత్సాహవంతులగు కుర్రవారు రిమ్మునకు కూడ రాసి మెరిపింతురు, పిమ్మట బ్రేకు పట్టలేదందురు. ఎడమ పెడలు మర తలక్రిందు మర యని మరువరాదు. దానిని అందరు మరలవలె కుడికి త్రిప్పి బిగింపబోయి క్రాంకు పాడుచేసినవారిలో మేమొకరము.

ఒక సైకిలు ఇంటిలో నలుగురికి ఎట్లు చాలునని అడుగుదురు. మా యింట ఇట్లు జరుగుచున్నది: తెల్లవారకముందు మేము నారుమళ్లకు పోయి 7 గంటలకు తిరిగివత్తుము. తరువాత సాయంకాలమువరకు అది అమ్మాయిది. చీకటి పడిన పిమ్మట ముందు దీపమును వెనుక ఎఱ్ఱని అద్దమును లేక ఎవ్వరును వీధి దాటరాదు. చెరకు ట్రాక్టర్లు వెనుక దీపము లేకయే తిరుగు కాలమున ఈ నియమమునకు మినహాయింపు లేదు. రామభద్రపురము వద్ద రాయపూరు రహదారి మీదికి పిల్లలను పంపము. 2021 లో లీటరు పెట్రోలు నూరు రూపాయలు దాటిన నాటినుండి, చేరువ పనులకు మోటారు సైకిలు తీయుట దానంతటదే తగ్గినది.

కార్తికమాసమున ఆ పల్లెకు మరల పోతిమి. పెద్ద సైకిలును అంగడిలో నిచ్చి, పైన కొంత డబ్బు కలిపి, పాతదే యైనను చక్రములు చక్కగనున్న లేడీస్ సైకిలు తెచ్చుకొనినారు. తాను 8 గంటలకు బయలుదేరునని, తండ్రి పొలము చూచి రాదలచిన అంతకు ముందే రావలెనని ఆ పిల్ల చెప్పినది. వెనుక చక్రమున ఒక పుల్ల బొంగురుగ పలుకుచున్నదని మీటి చూపినది. మా సంచిలోని పానా తీసి దానిని బిగించి వచ్చితిమి.