రోగి గుట్టు కూడా అమానతే!

జూబ్లీహిల్స్, ఫిలింనగర్ అనగానే తెలుగువారికి సినిమా తారలే గుర్తుకు వస్తారు. కొండరాళ్ల మీద వెలసిన ఈ ప్రాంతంలో స్టూడియోలు, తారల భవంతులు ఉన్నాయి. 1988లో మొదలైన అపోలో ఆసుపత్రి కూడా ఇక్కడే ఉంది. ఆ భవంతుల వెనుక సందుల్లోకి దిగితే మాత్రం దృశ్యం మారిపోతుంది. రేకుల ఇళ్లు, ఇరుకు గదులు, రోజుకూలి మీద బతికే కుటుంబాలు. షేక్‌పేట వైపు సాగేకొద్దీ మన ముస్లిం కుటుంబాలు ఎక్కువగా కనిపిస్తాయి. సెట్ల వడ్రంగులు, దర్జీలు, డ్రైవర్లు, లైట్ల పనివారు... తెర మీద పేరు పడని వారు వీరంతా.

ఒక పెద్ద నటుడు ఆసుపత్రిలో చేరితే గేటు ముందు కెమెరాలు బారులు తీరుతాయి. లోపలి నుంచి వైద్యులు నాలుగు వాక్యాల ప్రకటన విడుదల చేస్తారు. అంతకు మించి చెప్పరు. అది సబబే. రోగం అతనిది, దానిని చెప్పాలో వద్దో నిర్ణయించుకునే హక్కు కూడా అతనిదే. మరి వెనుక బస్తీలోని కూలివాని కూతురి రోగానికి గుట్టు అక్కరలేదా? ఈనాడు ప్రతి వైద్య సిబ్బంది జేబులోనూ ఒక కెమెరా ఉంది. కాబట్టి ఈ ప్రశ్న మనందరం వేసుకోవలసి ఉంది.

ఒక ఇంటి గాథ

మాకు తెలిసిన ఒక కుటుంబం ఉంది. తండ్రి షూటింగుల్లో వడ్రంగం పని చేస్తాడు. పెద్దమ్మాయి చిన్నతనంలో నా దగ్గరే ఖుర్ఆన్ చదువుకుంది. పెళ్లీడుకు వచ్చాక ఆ అమ్మాయికి మెడ పక్కన గడ్డలు లేచాయి. పరీక్షలు చేయిస్తే గ్రంథుల క్షయ అని తేలింది. ఊపిరితిత్తులకు సోకని ఈ రకం క్షయ ఒకరి నుంచి మరొకరికి అంటుకోదు. క్రమం తప్పకుండా నెలల తరబడి మందులు వాడితే నయమవుతుంది. అయినా క్షయ అన్న మాట వింటేనే జనం దూరం జరుగుతారు కదా! తల్లిదండ్రులు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆరోగ్య కేంద్రంలో పనిచేసే ఒక కార్యకర్త ఆ అమ్మాయిని సొంత బిడ్డలా చూసుకుంది. రోజూ ఉదయం ఫోను చేసి, "అమ్మా, మాత్రలు వేసుకున్నావా?" అని అడిగేది. ఒకసారి వాంతులైతే అప్పటికప్పుడు ఫోనులో డాక్టరును అడిగి ఏం చేయాలో చెప్పింది. రంజాన్ నెల వచ్చినప్పుడు కూడా మాత్రలు ఏ వేళకు వేసుకోవాలో డాక్టరును కనుక్కున్నది ఆమే. ఆ అమ్మాయి మందులు మధ్యలో మానకపోవడానికి అల్లాహ్ దయ తరువాత ఆ ఫోనే కారణమని నేను చెప్పగలను.

అదే ఫోను ఒక రోజు ఆ ఇంటికి కీడు కూడా తెచ్చింది. క్షయ రోగులకు దాతలు పోషకాహార సామగ్రి ఇచ్చే కార్యక్రమం దేశమంతటా 2022 సెప్టెంబరు నుంచి నడుస్తోంది. ఒక దాత ఇచ్చిన సంచీని అందుకుంటుండగా కార్యకర్త ఆ అమ్మాయిని ఫొటో తీసింది. పంపిణీ జరిగినట్లు పైవారికి చూపాలన్నదే ఆమె ఉద్దేశం. ఆ ఫొటో కేంద్రం వారి వాట్సాప్ గ్రూపులోకి, అక్కడి నుంచి బస్తీ గ్రూపులోకి వెళ్లింది. కింద 'క్షయ రోగికి సాయం' అని ఎవరో రాశారు. మూడో రోజుకల్లా అది పెళ్లివారి ఇంటికి చేరింది. కుదిరిన రిష్తా తప్పిపోయింది.

ఇషా నమాజు తరువాత ఆ తండ్రి మసీదు మెట్ల మీద నన్ను ఆపాడు. "మౌల్వీ సాబ్, నా బిడ్డ చేసిన తప్పేమిటి?" అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. ఎందుకంటే ఆ ఫొటో నా ఫోనుకూ వచ్చింది. పుణ్యకార్యం జరిగిందనుకుని 'మాషా అల్లాహ్' అని రాసి, నేను కూడా దానిని మరో గ్రూపుకు పంపాను!

ఫోను వల్ల మేలు

ఈ సంఘటన చూసి, వైద్యుల చేతిలో ఫోనే ఉండరాదని అనడం అవివేకం. దూరాన ఉన్న రోగిని వైద్యునికి దగ్గర చేసే ప్రయత్నం మన రాష్ట్రాల్లో ఎప్పుడో మొదలైంది. చిత్తూరు జిల్లా అరగొండ గ్రామంలోని టెలిమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చిలో హైదరాబాదు వచ్చిన అమెరికా అధ్యక్షుడు క్లింటన్ లాంఛనంగా ప్రారంభించారు. సినీ దర్శక నిర్మాత ఎల్.వి.ప్రసాద్ కుటుంబం ఇచ్చిన విరాళంతో బంజారాహిల్స్‌లో నెలకొన్న కంటి ఆసుపత్రి ఈనాడు పల్లెల్లోని కేంద్రాల నుంచి వచ్చే కంటి చిత్రాలను నగరంలో ఉన్న వైద్యులకు చూపిస్తోంది. 2019లో మొదలైన ఈ-సంజీవని ద్వారా పల్లెలోని ఆరోగ్య కేంద్రంలో కూర్చున్న రోగి ఎక్కడో ఉన్న డాక్టరుతో ముఖాముఖి మాట్లాడగలుగుతున్నాడు.

ఆసుపత్రి వార్డుల్లోనూ అంతే. రెండు మందులు కలిస్తే ప్రమాదమా, బిడ్డ బరువుకు ఎంత మోతాదు ఇవ్వాలి అన్న సంగతులు లావుపాటి పుస్తకాలు తిరగేయకుండానే యాప్‌లో దొరుకుతున్నాయి. ఉర్దూ తప్ప మరో భాష రాని ముసలమ్మ బాధను కేరళ నుంచి వచ్చిన నర్సు అనువాద యాప్ సాయంతో తెలుసుకోగలుగుతోంది. అయితే యాప్ సలహాదారు మాత్రమే. బిడ్డ బరువు తప్పుగా నొక్కితే మోతాదు కూడా తప్పే వస్తుంది. చివరి బాధ్యత వైద్యునిదే గాని యంత్రానిది కాదు.

రోగి వివరాలు రాసి ఉంచడం కూడా కొత్త సంగతి కాదు. 9వ శతాబ్దంలో రుహా నగరానికి చెందిన ఇస్‌హాఖ్ బిన్ అలీ అర్రుహావీ వైద్యుల నడవడి గురించి 'అదబుత్తబీబ్' అనే అరబ్బీ గ్రంథం రచించాడు. వైద్యుడు రోగి పరిస్థితిని రాసి ఉంచాలని, అవసరమైతే తోటి వైద్యులు ఆ రాతలను పరిశీలించి చికిత్స సరైనదో కాదో తేల్చాలని అందులో సూచించాడు. ఆ రాతలు తెలిసినవారు చూడడానికే గాని బజారులో చదవడానికి కాదు.

ఇస్లాం ఏమంటోంది?

అమానత్ అంటే కేవలం దాచమని ఇచ్చిన డబ్బు, నగలు మాత్రమే అని మనలో చాలామంది భావిస్తారు. అమానతులను వాటి హక్కుదారులకే అప్పగించమని అన్-నిసా సూరాలోని 58వ ఆయత్ ఆదేశిస్తోంది. నమ్మి చెప్పిన మాట కూడా అమానతే. ఒక మనిషి అటూ ఇటూ చూసి ఏదైనా చెబితే, ఆ మాట విన్నవాని దగ్గర అమానత్ అవుతుందన్న భావం గల హదీసు ఉంది. రోగి డాక్టరుతో తన బాధ చెప్పుకునే ముందు చేసేది ఇదే కదా! తలుపు వైపు చూస్తాడు, గొంతు తగ్గిస్తాడు, ఆ తరువాతే నోరు విప్పుతాడు.

ఇతరుల గుట్టు ఆరా తీయడాన్ని, గీబత్‌ను అల్-హుజురాత్ సూరాలోని 12వ ఆయత్ నిషేధించింది. చెవిన పడిన ప్రతి మాటనూ ఇతరులకు చేరవేసేవాడు అబద్ధీకుడు కావడానికి ఆ ఒక్క పనే చాలునని దైవప్రవక్త (స) హెచ్చరించారు. చేతికి వచ్చిన ప్రతి ఫొటోనూ ముందుకు పంపే మనకు ఈ హెచ్చరిక వర్తించదా?

పర్దా పాటించే స్త్రీల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. చికిత్స కోసం వైద్యులు శరీరాన్ని చూడడానికి షరీఅత్ అనుమతించింది. కాని ఆ అనుమతి అవసరం ఉన్నంత వరకే అని ఫిఖహ్ పండితులు స్పష్టం చేశారు. ఫొటోకు కూడా ఇదే కొలత. పుండు ఉన్న చోటు చూపితే చాలు, ముఖం అక్కరలేదు. చూపవలసింది డాక్టరుకే, గ్రూపుకు కాదు. పని పూర్తయ్యాక తుడిచివేయాలి.

చట్టం కూడా ఇదే చెబుతోంది. రోగి రహస్యాలను కోర్టు ఆదేశం, అంటువ్యాధుల సమాచారం వంటి సందర్భాల్లో తప్ప వెల్లడించరాదని భారత వైద్య మండలి 2002 నియమావళి శాసించింది. గుర్తుపట్టే విధంగా ఉన్న రోగి ఫొటోను అనుమతి లేకుండా పత్రికల్లో ప్రచురించరాదని కూడా అందులో ఉంది. ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి, సమ్మతి పొందాకే వ్యక్తిగత సమాచారం సేకరించాలన్నది 2023లో వచ్చిన సమాచార రక్షణ చట్టం మూలసూత్రం.

మన ఇళ్లలో చేయవలసినది

తప్పంతా వైద్య సిబ్బందిదే అనుకోవద్దు. హైదరాబాదులో 2018లో ప్రారంభమైన బస్తీ దవాఖానాల్లో ఇచ్చిన రక్త నమూనాలు నారాయణగూడలోని కేంద్రానికి వెళ్తాయి. ఫలితాలు ఫోనుకు వస్తాయి. ఇంటికంతా ఒకే ఫోను ఉన్న కుటుంబాలు మనలో ఎన్నో! కోడలి రిపోర్టు మరిది చేతిలో తెరుచుకుంటుంది. ఫోను లేనివారు పక్కింటివారి నంబరు ఇస్తారు. నంబరు రాయించేటప్పుడే ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటుందో ఆలోచించుకోవాలి.

మరికొన్ని జాగ్రత్తలు కూడా అవసరం. ఆసుపత్రిలో ఎవరైనా ఫొటో తీయబోతే, అది దేనికి, ఎవరికి పంపుతారు అని మర్యాదగా అడగండి. వద్దనే హక్కు మీకు ఉంది. రోగి పరామర్శకు వెళ్లినప్పుడు మంచం మీద ఉన్న మనిషిని ఫొటో తీసి బంధువులకు పంపవద్దు. పరామర్శ సున్నత్, ప్రదర్శన కాదు. సదఖా ఇచ్చే దాతలు పుచ్చుకునేవారి ముఖం ఫొటోలో ఉండాలని పట్టుబట్టవద్దు. కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియకుండా ఇచ్చేవారి ఔన్నత్యాన్ని ప్రవక్త (స) మనకు బోధించారు.

తోటి మనిషికి చేసిన అన్యాయం ఆ మనిషి క్షమిస్తే తప్ప తీరదు. దీనినే హుఖూఖుల్ ఇబాద్ అంటాం. అందుకే ఆ కార్యకర్త ఆ ఇంటికి వెళ్లి కన్నీళ్లతో క్షమాపణ కోరింది. ఈనాడు ఆమె ఫొటో తీస్తే సంచీని, అందుకునే చేతిని మాత్రమే తీస్తోంది. నేనూ వెళ్లాను. అప్పటికి అమ్మాయి చికిత్స ముగిసింది, రోగం పూర్తిగా నయమైంది. పరదా వెనుక నుంచి ఆమె ఒక్క మాటే అన్నది: "ఉస్తాద్, నాకు జరిగింది జరిగిపోయింది. ఇంకొక అమ్మాయికి జరగకుండా మీరు నలుగురికీ చెప్పండి."

ఆ మాట నిలబెట్టుకోవడానికే ఈ నాలుగు ముక్కలు రాశాను. మన నాలుకలనే గాక మన వేళ్లను కూడా అదుపులో ఉంచుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.