రాయవేలూరుకి ఆసుపత్రి పని లేకుండా కూడా రావచ్చు

వేలూరు వెళ్లొస్తాం అని ఏ తెలుగింట్లోనైనా చెప్పి చూడండి. వెంటనే వచ్చే ప్రశ్న "ఎవరికి ఒంట్లో బాగాలేదు?" అన్నదే. అందులో తప్పేమీ లేదు. 1900లో ఐడా స్కడ్డర్ దొరసాని ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యం ఈనాటి సి.ఎం.సి. ఆసుపత్రి అయింది. చిత్తూరు, కడప, అనంతపురం, నెల్లూరు జిల్లాల నుంచి మూడు తరాలుగా జనం వస్తూనే ఉన్నారు. ఆసుపత్రి చుట్టూ ఉన్న వీధుల్లో లాడ్జీల బోర్డులు తెలుగులోనే ఉంటాయి. ఆంధ్రా భోజనం అడగకుండానే దొరుకుతుంది. 2007లో తిరుమలైకోడిలో శ్రీపురం బంగారు గుడి తెరిచాక, తిరుపతి వచ్చినవాళ్లు ఒక పూట ఇటు వచ్చి, దర్శనం చేసుకుని, బస్సెక్కి వెళ్లిపోతున్నారు.

ఈ రెండు రకాల వాళ్లలోనూ చాలామంది కోట చూడకుండానే పోతున్నారు. ఆసుపత్రి నుంచి కోటకి నడిచిపోయే దూరం. పాత బస్‌స్టాండుకి ఎదురుగా అగడ్త నీళ్లు కనిపిస్తూనే ఉంటాయి. పరీక్షల రిపోర్టు కోసం మూడు రోజులు లాడ్జిలో కూర్చున్నవాళ్లు కూడా అటు వెళ్లరు. ఇక మన సంగతి చూద్దాం. చెన్నై, కోయంబత్తూరు, హోసూరు, సేలంలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు సెలవులంటే ఊటీకో కొడైకెనాల్‌కో పోతాయి. తప్పనడం లేదు, చల్లగా ఉంటుంది. వేలూరు ఎండ సంగతి నాకు తెలియనిది కాదు. కానీ "మీరు ఆంధ్రా నుంచి ఎప్పుడొచ్చారు?" అని బడిలో తోటి పిల్లలు అడిగితే జవాబు చెప్పలేని పిల్లవాడికి ఊటీ కన్నా ముందు చూపించాల్సిన ఊరు ఇది. ఆ జవాబు ఇక్కడ రాతి గోడల్లో ఉంది.

పేరుతోనే మొదలుపెడదాం. మన పెద్దలు దీన్ని రాయవేలూరు అనేవారు. చిత్తూరు పక్క పల్లెల్లో ఇప్పటికీ అంటారు. రాయలు ఉన్న వేలూరు కాబట్టి ఆ పేరు. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుగొండకి, అక్కడినుంచి చంద్రగిరికి, 17వ శతాబ్దం మొదట్లో వేలూరుకి వచ్చారు. హంపి చూడడానికి మనవాళ్లు రాత్రంతా రైల్లో పోతారు. ఆ కథ చివరి అధ్యాయం జరిగిన చోటు మన పక్కనే ఉంది.

కోట కట్టింది బొమ్మిరెడ్డి, తిమ్మారెడ్డి అని ఊరివాళ్లు చెప్పుకుంటారు. బొమ్మిరెడ్డి భద్రాచలం నుంచి వచ్చి 13వ శతాబ్దంలోనే కోట కట్టాడని ఒక పాత కథ. చరిత్రకారులు మాత్రం దీన్ని 16వ శతాబ్దపు కట్టడంగానే లెక్కిస్తారు. అప్పుడు సదాశివరాయల కింద ఇక్కడ అధికారం చేసినవాడు చిన్నబొమ్మ నాయకుడు. అప్పయ్య దీక్షితులకి కనకాభిషేకం చేసిన బొమ్మ నాయకుడు ఇతనే. కోట మొత్తం 133 ఎకరాలు. గోడలు నల్లరాతివి, చుట్టూ అగడ్త. అగడ్తలోకి సూర్యగుంట అనే చెరువు నుంచి నేల కింద కాలువ ద్వారా నీళ్లు వచ్చేవట. గుంట అన్న మాట ఏ భాషదో మీకు చెప్పాలా! అగడ్తలో పదివేల మొసళ్లు ఉండేవన్న కథ పిల్లలకి బాగా నచ్చుతుంది, నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం.

లోపల జలకంఠేశ్వరుడి గుడికి తీరిక చేసుకుని వెళ్లండి. గోపురం దాటగానే ఎడమ చేతి వైపు కల్యాణ మండపం. స్తంభాల మీద గుర్రాలు, యాళీలు, రౌతులు. ఒక చోట ఎద్దు, ఏనుగు ఒకే తలతో చెక్కి ఉంటాయి. ఒక పక్క నుంచి చూస్తే ఎద్దు, ఇంకో పక్క నుంచి చూస్తే ఏనుగు. లేపాక్షి, తాడిపత్రి గుళ్లు చూసినవాళ్లకి ఈ చేతిపని ఎక్కడిదో వెంటనే తెలుస్తుంది. ఈ గుడిలో దాదాపు నాలుగు వందల ఏళ్లు దేవుడు లేడు. లింగాన్ని బయటికి తీసుకెళ్లి సత్తువాచారిలో పెట్టి పూజించారు. 1981 మార్చి 16న మళ్లీ గుడికి తెచ్చి నిలిపారు. "దేవుడు లేని గుడి, రాజు లేని కోట, నీళ్లు లేని ఏరు" అని వేలూరు గురించి ఒక పాత ఎగతాళి ఉండేది. అందులో మొదటిది 1981తో పోయింది. ఏరు సంగతి అంటారా, 2021 నవంబరులో పాలారు వచ్చిన తీరు చూసినవాళ్లు ఇక ఆ మాట అనరు.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పదలుచుకున్న కథ. 1614లో వెంకటపతిరాయలు చనిపోతూ అన్న కొడుకు శ్రీరంగరాయలకి రాజ్యం అప్పగించాడు. రాణి పుట్టింటివాడైన గొబ్బూరి జగ్గరాయుడికి అది గిట్టలేదు. రాణి బిడ్డ అని చెప్పి ఒక కుర్రవాణ్ణి ముందుకు తెచ్చాడు. శ్రీరంగరాయల్ని పట్టి, భార్యాబిడ్డలతో సహా ఈ కోటలోనే బంధించాడు. ఆ కుటుంబం పక్షాన నిలబడ్డవాడు ఒకడే, వెలుగోటి యాచమ నాయుడు. ఇతను వెంకటగిరి రాజాల వంశీకుడు. కోటలోకి సైన్యంతో పోయే వీలు లేదు. అందుకని ఒక చాకలిని కుదుర్చుకున్నాడు. ఆ చాకలి పన్నెండేళ్ల రామదేవుణ్ణి మైల బట్టల మూటలో పెట్టి, కాపలావాళ్ల కళ్లముందే బయటికి తెచ్చాడు. కొన్నాళ్లకి తక్కిన కుటుంబం మొత్తాన్ని జగ్గరాయుడు చంపించాడు. తర్వాత దక్షిణదేశంలోని నాయకులంతా రెండు పక్షాలై, 1616 చివర తిరుచిరాపల్లి దగ్గర తోపూరులో కొట్టుకున్నారు. జగ్గరాయుడు అక్కడ చచ్చాడు, రామదేవుడు రాజయ్యాడు.

ఇది సినిమా కథ కాదు. ఆ రోజుల్లోనే బరాడస్ అనే పోర్చుగీసు పాదిరి 1616లో రాసిన ఉత్తరంలో ఉంది. దాన్ని రాబర్ట్ సూయెల్ తన విజయనగర చరిత్రలో 1900లో అచ్చువేశాడు. మన పిల్లలకి ఇంగ్లండు రాజుల గొడవలు తెలుసు. ఈ చాకలి పేరు మాత్రం ఎవరికీ తెలియదు, చరిత్రలో మిగల్లేదు. కోట గోడ మీద నిలబడి ఈ కథ చెప్పి చూడండి. సెల్‌ఫోను జేబులోకి పోతుంది.

ఒక జాగ్రత్త. ఈ కథ చెప్పి, తెలుగువాళ్ల గొప్ప అని ఛాతీ విరుచుకోవడానికి లేదు. చంపినవాడూ తెలుగువాడే, కాపాడినవాడూ తెలుగువాడే. ఈ కోట మనదొక్కరిదీ కాదు. బిజాపూరు సుల్తానులు, మరాఠాలు, మొగలాయిలు, ఆర్కాటు నవాబులు, ఇంగ్లీషువాళ్లు అందరూ ఏలారు. గుడి, మసీదు, 1846 నాటి చర్చి ఒకే గోడ లోపల ఉన్నాయి. తూర్పు కొండల మీద కనిపించే చిన్న కోటలు మరాఠాలవి. 1799లో టిప్పు సుల్తాను పోయాక అతని కుటుంబాన్ని ఇక్కడే ఉంచారు. 1806 జూలై 10 తెల్లవారుజామున మద్రాసు సైన్యపు సిపాయిలు తిరగబడింది ఇక్కడే. బొట్టు పెట్టకూడదు, గడ్డాలు తీయాలి, తోలు చేర్చిన కొత్త టోపీ పెట్టాలి అన్న ఉత్తర్వులు దానికి కారణం. 1857కి యాభై ఒక్క ఏళ్లు ముందు. మక్కాన్ కూడలిలో ఉన్న స్తూపం ఆ సిపాయిలదే. బస్సులో పోతూ రోజూ చూస్తాం, ఏమిటని అడగం.

పాలారు ఒడ్డున ముత్తు మండపం అని ఇంకొకటి ఉంది. ఆటోవాళ్లకి తెలుసు, యాత్రికులకి తెలియదు. సింహళ దేశంలో కండి రాజ్యాన్ని చివరగా ఏలిన శ్రీవిక్రమ రాజసింహుడి సమాధి అక్కడుంది. ఆయన నాయక వంశస్థుడు. మదురై నాయకులతో బంధుత్వం ఉన్న, తెలుగు మూలాలున్న కుటుంబం. చిన్నప్పటి పేరు కన్నసామి. 1815లో ఇంగ్లీషువాళ్లు పట్టుకుని, మరుసటి ఏడు వేలూరు కోటకి తెచ్చారు. పదహారేళ్లు ఇక్కడే ఉండి 1832 జనవరి 30న చనిపోయాడు. శ్రీలంక చరిత్ర చదివినవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. మనం పక్కనే ఉండి వెళ్లం.

మనం ఇక్కడికి వలస వచ్చినవాళ్లమా అన్న ప్రశ్నకి ఇంకో జవాబు జిల్లా పటంలో ఉంది. 1911 ఏప్రిల్ 1 దాకా చిత్తూరే ఉత్తర ఆర్కాటు జిల్లాకి కేంద్రం. ఆ రోజున చిత్తూరు జిల్లా విడిపోయింది, తర్వాత వేలూరు జిల్లా కేంద్రమైంది. అంటే గుడియాత్తం, పలమనేరు ఒకే జిల్లా. పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు, సంతలు, కోర్టు పనులు అన్నీ ఒకటే. గీత మారింది, ఇళ్లు ఉన్నచోటే ఉన్నాయి.

అందుకే వేలూరు చూసినవాళ్లు గుడియాత్తం దాకా రావాలని నా విన్నపం. వేలూరు నుంచి సుమారు 35 కిలోమీటర్లు. బెంగుళూరు రహదారిలో వస్తే దారిలో విరించిపురం మార్గబంధీశ్వరుడి గుడి. ప్రయాణం చేసేవాళ్లకి తోడుండే దేవుడని పేరు. మార్గబంధు స్తోత్రం అప్పయ్య దీక్షితులదేనంటారు. ఆ గుడి ప్రాకారం అందం మీద తమిళంలో సామెతే ఉంది. లోపల నీడను బట్టి వేళ తెలిపే రాయి ఉంది, పిల్లలకి చూపించండి. ఇంకొంచెం ముందుకొస్తే పళ్లికొండలో పాలారు పక్కన పవళించిన ఉత్తర రంగనాథుడు. అక్కడినుంచి గుడియాత్తానికి మలుపు.

గుడియాత్తంలో చూడ్డానికి పెద్ద భవనాలు లేవు, ముందే చెప్పేస్తున్నాను. చేనేత లుంగీలు, అగ్గిపెట్టెలు, కౌండిన్య ఏరు. 1954లో ముఖ్యమంత్రి అయిన కామరాజు ఉప ఎన్నికలో గెలిచింది ఈ ఊరి నుంచే. కానీ వైశాఖం, అంటే తమిళ వైకాశి నెల 1వ తేదీన, మే నెల మధ్యలో రండి. గోపాలపురం గంగమ్మ శిరస్సు పండుగ. తరణంపేట ముత్యాలమ్మ గుడి నుంచి అమ్మవారి శిరస్సు ఊరేగింపుగా బయల్దేరుతుంది. దారంతా కొబ్బరికాయలు కొడతారు, ఇళ్ల మీద జనం నిలబడి పూలు విసురుతారు. గంగమ్మ గుడిలో ఉన్న దేహం మీద శిరస్సు పెట్టి కన్ను తెరిపిస్తారు. రేణుకాదేవి కథే. పరశురాముడు తల్లి తలని వేరే స్త్రీ దేహానికి అతికించిన కథ. రాత్రికి శిరస్సును మళ్లీ వేరు చేస్తారు. ముత్యాలమ్మ, గంగమ్మ, ఈ పేర్లు వింటే తిరుపతి గంగజాతర గుర్తొస్తుంది, అదీ మే నెలలోనే. తమిళం, తెలుగు, ఉర్దూ మూడూ వినిపించే ఆ వీధిలో ఎవరు ఎవరో ఎవరూ అడగరు. ఆ రోజు జనం విపరీతం. ముసలివాళ్లని, చంటిపిల్లల్ని తేవాలంటే ఊళ్లో తెలిసినవాళ్ల మిద్దె చూసుకుని తేవాలి.

మిగతా రోజుల్లో వస్తే మగ్గం చూడండి. చప్పుడు వినిపించే ఇంటి ముందు నిలబడి తెలుగులో పలకరిస్తే చాలు, చాలా ఇళ్లలో తెలుగులోనే జవాబు వస్తుంది. లుంగీ కొంటే నేతవాళ్ల సహకార సంఘంలో కొనండి. మరమగ్గం బట్టని చేనేత అని అమ్మే అంగళ్లు ఎక్కడైనా ఉంటాయి. అటు మోర్దానా డ్యాం దాకా వెళ్లేవాళ్లు పగలే తిరిగి రండి, కౌండిన్య అడవి ఏనుగులు సాయంత్రం తమ దారిన తాము వస్తాయి.

తిండి మాటకొస్తే, ఇలవంబాడి ముళ్ల వంకాయ మరచిపోకండి. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది దానికి. తొడిమకి ముళ్లుంటాయి, చేత్తో పట్టుకుంటే గుచ్చుకుంటుంది. గుత్తివంకాయ దీనితో చేస్తే ఇంకో వంకాయ అక్కర్లేదని మా ఇంట్లో తీర్మానం.

ఎలా రావాలంటే, కాట్పాడి జంక్షను ఉంది. చెన్నై, బెంగుళూరు, తిరుపతి మూడు వైపుల రైళ్లూ ఆగుతాయి. అక్కడినుంచి కోట ఆరేడు కిలోమీటర్లు, టౌను బస్సులు విరివిగా ఉంటాయి. గుడియాత్తానికి స్టేషను ఉంది గానీ ఊరికి దూరం, అన్ని రైళ్లూ ఆగవు. చిత్తూరు నుంచి పరదరామి మీదుగా బస్సులున్నాయి. కోటలోని ప్రభుత్వ మ్యూజియానికి శుక్రవారం సెలవు, ఆ రోజు పెట్టుకోకండి. ఎండ వల్ల కోట ఉదయం తొమ్మిదిలోపు గాని, సాయంత్రం నాలుగు తర్వాత గాని చూడాలి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం.

2006 తమిళ అభ్యసన చట్టం తర్వాత మన పిల్లల బడుల్లో తెలుగు ఎలా తగ్గిపోయిందో మీకు నేను చెప్పక్కరలేదు. దాని మీద అర్జీలు పెట్టడం ఒక పని, అది సంఘాలు చేస్తూనే ఉన్నాయి. పిల్లల్ని ఇక్కడికి తీసుకురావడానికి మాత్రం ఎవరి ఉత్తర్వూ అక్కర్లేదు. వచ్చేటప్పుడు ఇంట్లో డెబ్బై దాటిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లని కూడా కారెక్కించండి. కోట గేటు నుంచి గుడి దాకా సమంగానే ఉంటుంది, నడవగలరు. నీడన కూర్చోబెట్టి, వాళ్ల ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు, ఎవరింటి పిల్ల ఎక్కడికి వెళ్లిందీ పిల్లల చేత ఒక నోటుబుక్కులో రాయించండి. తెలుగు అక్షరం రాకపోతే తమిళ అక్షరంలో రాసినా సరే.