గురి తప్పని గుళిక

క్యాన్సర్ మందు అనగానే రాలిపోయే జుట్టు, ఆగని వాంతులు మన కళ్ళ ముందు మెదులుతాయి. దీనికి కారణం లేకపోలేదు. పాత మందులు వేగంగా విభజన చెందే ప్రతి కణాన్నీ దెబ్బతీస్తాయి. రోగకణం ఏది, జుట్టు కుదుళ్ళలోని కణం ఏది అన్న విచక్షణ వాటికి లేదు. దోషిని పట్టుకుని నిర్దోషిని విడిచిపెట్టే మందు సాధ్యమేనా? ఇమాటినిబ్ అనే మాత్ర చరిత్రలో మనకు సమాధానం లభిస్తుంది.

దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా ఒక రకం రక్త క్యాన్సర్. 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ ఈ రోగుల రక్తకణాల్లో ఒక క్రోమోజోము అసాధారణంగా పొట్టిగా ఉండటం గమనించారు. 1973లో జానెట్ రౌలీ ఆ మర్మం విప్పారు. 9వ, 22వ క్రోమోజోములు తమ ముక్కలను పరస్పరం మార్చుకున్నాయి. ఆ అతుకు వద్ద రెండు జన్యువులు కలిసి, ఉండకూడని ఎంజైమును పుట్టిస్తాయి. విభజన చెందమని అది కణానికి నిరంతరం ఆజ్ఞ జారీ చేస్తుంది. తెల్లకణాలు లెక్కకు మించి పెరుగుతాయి.

ఈ ఎంజైము పనిచేయాలంటే ఏటీపీ అనే శక్తి అణువు దాని గూటిలో చేరాలి. స్విట్జర్లాండులోని సిబా-గైగీ సంస్థ శాస్త్రవేత్తలు ఆ గూటిని ముందే ఆక్రమించే అణువు కోసం అన్వేషించారు. తొలి అణువు ఇతర ఎంజైములను కూడా అడ్డుకునేది. దానికి చిన్న మిథైల్ సమూహాన్ని చేర్చగా గురి కుదిరింది. నీటిలో కరిగి, మింగినప్పుడు రక్తంలో చేరేందుకు మరో సమూహాన్ని జోడించారు. 1998లో వైద్యుడు బ్రయన్ డ్రకర్ బృందం రోగులపై పరీక్షలు ఆరంభించింది. రోజుకు 300 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల సంఖ్య సాధారణ స్థితికి వచ్చింది. 2001 మే నెలలో అమెరికా ఈ మందును అనుమతించింది.

మందును కనుగొనడం ఒక ఎత్తు, అది పేదవాని చేతికి అందడం మరో ఎత్తు. మన దేశంలో నోవార్టిస్ సంస్థ మందుకు నెలకు సుమారు 1,20,000 రూపాయలయ్యేది. హైదరాబాదుకు చెందిన నాట్కో వంటి సంస్థలు దానిని సుమారు పదో వంతు ధరకే తయారుచేశాయి. స్ఫటిక రూపం మారినంత మాత్రాన చికిత్సా ఫలితం పెరిగినట్లు కాదంటూ, 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్‌కు పేటెంటు నిరాకరించింది.

పాఠకులకు మేము ముఖ్యంగా విన్నవించేది ఒకటుంది. ఈ మాత్ర ఎంజైమును అడ్డుకుంటుందే గాని, మారిన క్రోమోజోమును సరిచేయదు. ఒంట్లో బాగుంది కదా అని సొంతంగా మానివేస్తే రోగం తిరగబెట్టవచ్చు. భోజనంతో, నిండు గ్లాసు నీటితో తీసుకోవలసిన మందు గనుక రమజాన్‌కు ముందే వేళల గురించి వైద్యుణ్ణి సంప్రదించాలి. ఖర్చు భారమైతే ఆ మాట కూడా దాచక చెప్పాలి. మందు మానుకోవడం కన్నా చవకైన మందు అడగడం మేలు. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.