మీకు తెలుసా? ఒకే శిల్పి, రెండు మెలికలు
షికాగోలోని 82 అంతస్తుల ఆక్వా టవర్‌నూ, శాన్‌ఫ్రాన్సిస్కోలో 2020లో పూర్తయిన మీరా టవర్‌నూ రూపొందించింది ఒకే వాస్తుశిల్పి, జీన్ గ్యాంగ్. రెండూ మెలితిరిగినట్టే కనిపిస్తాయి కనుక పాత నమూనానే మళ్లీ దించారనిపించవచ్చు. కానీ ఆ మెలికల పని వేరు. ఆక్వాలో కాంక్రీటు శ్లాబు ఒక్కో అంతస్తులో ఒక్కో తీరుగా, కొన్నిచోట్ల 12 అడుగుల దాకా బయటికి సాగి బాల్కనీ అవుతుంది. ఆ వంపులు గాలి ఉధృతిని చెదరగొడతాయి. ఇదంతా వట్టి అలంకారమేనన్న విమర్శ అందుకే నిలవదు. బయటికి సాగిన శ్లాబు చలికాలంలో ఇంటి వెచ్చదనాన్ని లాగేస్తుందన్న అభ్యంతరం మాత్రం న్యాయమైనదే. మీరాకు మెలిక తెచ్చింది కిటికీలు: ఆ ఊరి పాత ఇళ్లకు గుర్తయిన, గోడ దాటి ముందుకొచ్చే కిటికీలే. అంతస్తు అంతస్తుకూ అవి కాస్త పక్కకు జరుగుతూ పైకి పోతాయి. లోపల నిలబడితే వీధి రెండు వైపులా కనిపిస్తుంది.